చలి ఒక్కటీ చాలదు

"చీజ్ మన ఊళ్లకు పడే వస్తువు కాదు. మన ఎండలకు అది నిలవదు" అని ఎవరో అనగా మీరు వినే ఉంటారు. ఈ మాటలో సగం నిజముంది. మిగిలిన సగం గాలిలోని తేమను ఒక్కనాడూ కొలిచి చూడనివారు అనే మాట. ఆ రెండో సగం గురించి ఈ నెల మీతో కాస్త వాదించాలని ఉంది.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. నిఘంటువుల్లో చీజ్‌కు జున్ను అని అర్థం రాసి ఉంటుంది. మన జున్ను వేరు. ఈనిన ఆవో గేదో తొలి రోజుల్లో ఇచ్చే పాలలో బెల్లం, మిరియాలు వేసి ఆవిరిమీద ఉడికిస్తే గడ్డకట్టేది అది. ఆ పూటో మరునాడో తినేయవలసిందే. చీజ్‌ను మాత్రం నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా మాగబెడతారు. ఇటలీ దేశపు పార్మిజానో చీజ్‌నైతే 12 నెలలు నిండకుండా అమ్మడానికి వీల్లేదు. అందుకని ఇక్కడ జున్ను అనకుండా చీజ్ అనే అంటాను.

మామిడికాయ మాగడం మీకు తెలుసు. చీజ్ మాగడం ఎలాగో చూడండి. పాలను గోరువెచ్చగా ఉంచి, మజ్జిగ చుక్కలాగే ఒక రకం బాక్టీరియాను తోడు వేస్తారు. తరవాత రెన్నెట్ అనే ఎంజైమును కలుపుతారు. వెనక దీన్ని దూడ పొట్టలోని పొరనుంచి తీసేవారు. ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసినదే వాడుతున్నారు. రెన్నెట్ పాలలోని కేసీన్ అనే మాంసకృత్తును ఒకచోట కత్తిరిస్తుంది. దానితో పాలు మెత్తని గడ్డగా పేరుకుంటాయి. గడ్డను కోసి, పసుపుపచ్చని నీటిని వడగట్టి, ఉప్పు పట్టించి, బరువు పెట్టి అదిమితే పచ్చి చీజ్ తయారవుతుంది. పది లీటర్ల ఆవుపాలకు సుమారు ఒక కిలో వస్తుంది. అప్పటికి దానికి చెప్పుకోదగ్గ రుచేమీ ఉండదు, రబ్బరులా ఉంటుంది. రుచి అంతా ఆ తరవాత పుట్టేదే. లోపల చిక్కుకున్న బాక్టీరియా, ఎంజైములు మాంసకృత్తులను ముక్కలు ముక్కలుగా విడగొడతాయి, కొవ్వును కూడా కొంత విడగొడతాయి. ఆ ముక్కలే వాసనా రుచీ.

(నిమ్మరసం పిండి విరిచిన పనీరును ఇలా మాగబెట్టబోకండి. అది రెన్నెట్‌తో కట్టిన గడ్డ కాదు, దానిలో తోడు బాక్టీరియా కూడా లేదు. అది కుళ్లుతుందే తప్ప మాగదు.)

ఈ పని సాగడానికి చీజ్ ఉన్న గదికి రెండు అంకెలు కుదరాలి. ఉష్ణోగ్రత 8 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత గట్టి చీజ్‌కు 80–85 శాతం, పైన తెల్లని బూజు కట్టే మెత్తని రకాలకు 90 దాటి ఉండాలి. వేడి ఎక్కువైతే కొవ్వు మెత్తబడి పైకి చెమరుస్తుంది, మనకు అక్కర్లేని బాక్టీరియా లోపల వాయువు పుట్టించి గడ్డను ఉబ్బిస్తుంది. చలి ఎక్కువైతే మాగడమే దాదాపు ఆగిపోతుంది. తేమ తక్కువైతే పైపొర ఎండి పగులుతుంది, ఆ పగుళ్లలోకి బూజు దిగుతుంది. తేమ మరీ ఎక్కువైతే పైన జిగట పడుతుంది. చూశారా, నాలుగు వైపులా నాలుగు ప్రమాదాలు. వాటిలో రెండు మాత్రమే వేడికి, చలికి సంబంధించినవి. మిగతా రెండింటిని మనవాళ్లు లెక్కలోకే తీసుకోరు.

ఫ్రాన్సు దక్షిణాన రోక్‌ఫోర్ అనే గ్రామముంది. దాని పక్కన కొంబాలూ అనే కొండ. ఎప్పుడో కొండ విరిగిపడి రాళ్ల మధ్య నెర్రెలు, గుహలు ఏర్పడ్డాయి. ఆ నెర్రెలగుండా చల్లని తడిగాలి గుహల్లోకి వస్తూ పోతూ ఉంటుంది. లోపల ఏడాది పొడుగునా 8–12 డిగ్రీల చలి, సుమారు 95 శాతం ఆర్ద్రత. గొర్రెపాలతో చేసిన చీజ్ అక్కడ నీలిబూజు పట్టి మాగుతుంది. 1411లోనే ఆ దేశపు రాజు ఆరవ చార్లెస్ ఈ చీజ్‌ను మాగబెట్టే హక్కును ఆ గ్రామంవారికే ఇచ్చాడు. ఆనాటికి థర్మామీటరు కూడా లేదు. అంకెలు తెలియకపోయినా గుహ సరిగ్గా ఉంది, అంతే. దాన్ని చూసి "వారికున్న నేర్పు మనకు లేదు" అనుకోవడం నాకు నచ్చదు. వారికి ఉన్నది ముందుగా ఒక గుహ, తరవాతే నేర్పు.

ఇప్పుడు మన వైపు రండి. ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం అనుకోండి, ఇంకా తూర్పున భద్రాచలం అడవుల అంచున ఉన్న ఊరైనా సరే. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటడం మామూలు. అటువంటి చోట పాలు నిలవ చేయాలంటే మన పెద్దలు ఏం చేశారు? నీటిని తీసేశారు. వెన్న కాచి నెయ్యి చేశారు. నెయ్యిలో అర శాతం నీరు కూడా ఉండదు, అందుకే బాక్టీరియాకు అక్కడ పని లేదు. వడియాలు, ఒరుగులు, కల్లంలో ఎండే మిరపకాయలు, ఇవన్నీ ఆ ఉపాయంతోనే నిలిచేవి. ఆవకాయలో నీరున్నా ఉప్పు, పులుపు దాన్ని సూక్ష్మజీవులకు అందనివ్వవు. హిమాలయాల్లో చమరీమృగం పాలతో చేసే ఛుర్పీని కూడా రాయిలా ఎండబెట్టే నిలవ చేస్తారు.

మన ఎండకు తగిన విద్య ఇది. ఏమాత్రం తక్కువది కాదు. అయితే చీజ్ విద్య దీనికి భిన్నమైనది. అక్కడ నీటిని పూర్తిగా తీసేయరు. గట్టి చీజ్‌లోనూ మూడో వంతు నీరే. ఆ నీటిని రోజుకు ఇంత అని కొలిచినట్టుగా, మెల్లగా బయటికి పోనిస్తారు. మనకు అలవాటు లేనిది ఈ మెల్లదనమే.

"సరే, ఈ రోజుల్లో ఇంటింటా ఫ్రిజ్ ఉంది కదా, అందులో పెడితే సరి" అంటారా? పెట్టి చూడండి. వారం తిరిగేసరికి అంచులు గట్టిపడి పసుపు రంగు గాజులా అవుతాయి. కారణం లెక్క వేస్తే మీకే తెలుస్తుంది.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. ఒక ఘనమీటరు గాలి 42 డిగ్రీల వద్ద సుమారు 56 గ్రాముల ఆవిరిని, 30 డిగ్రీల వద్ద 30 గ్రాములను, 12 డిగ్రీల వద్ద 10.7 గ్రాములను, 4 డిగ్రీల వద్ద 6.4 గ్రాములను మాత్రమే ఇముడ్చుకుంటుంది. ఇముడ్చుకోగల దానిలో ఇప్పుడెంత ఉందో నూటికి ఇంత అని చెప్పేదే సాపేక్ష ఆర్ద్రత. ఇక ఫ్రిజ్‌లో చలి పుట్టించే గొట్టం సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది. –10 డిగ్రీలు అనుకుందాం. దాన్ని తాకిన గాలిలో ఘనమీటరుకు రెండు గ్రాముల చిల్లర ఆవిరే మిగిలి, తక్కినదంతా మంచుగా గొట్టానికి అంటుకుంటుంది. ఆ గాలి తిరిగి 4 డిగ్రీలకు వచ్చినప్పుడు దాని ఆర్ద్రత ఎంత? 6.4లో రెండు చిల్లర, అంటే మూడో వంతు. ఫ్రిజ్‌లోని కూరలు, పాలగిన్నెలు మళ్లీ కొంత తేమ ఇస్తాయి గాని గొట్టం దాన్ని లాగేస్తూనే ఉంటుంది. మూత లేని గిన్నెలో పెట్టిన కొత్తిమీర ఎందుకు వాడిపోతుందో ఇప్పుడు తెలిసిందా? చల్లని ఎడారి అది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. మే నెల మధ్యాహ్నం మన ఊరి గాలి నాలుక పిడచకట్టేంత పొడిగా ఉంటుంది కదూ. 42 డిగ్రీలు, 25 శాతం ఆర్ద్రత అనుకోండి. 56లో పావు వంతు, అంటే 14 గ్రాముల ఆవిరి. అదే గాలిని 12 డిగ్రీలకు చల్లబరిస్తే? అక్కడ 10.7 గ్రాములకే చోటు! మిగిలిన మూడు గ్రాముల పైచిలుకు నీరై కారవలసిందే. నిప్పులు చెరిగే ఎండలోని ఆ గాలిలో చీజ్ గదికి సరిపోయేటంత నీరు ఉంది, ఇంకా మిగులుతుంది కూడా. శ్రావణమాసపు గాలైతే 30 డిగ్రీలు, 80 శాతం దగ్గర 24 గ్రాములు మోస్తుంది. వానాకాలంలో ఫ్రిజ్ తలుపు తీసి పెట్టిన ప్రతిసారీ చల్లని వస్తువుల మీద చెమట పట్టేది అందుకే. కాబట్టి "మన గాలి పొడి" అని గాని, "మన గాలి తేమ" అని గాని ఊరికే అనకూడదు. ఎన్ని డిగ్రీల దగ్గరో చెప్పాకే ఆ మాటకు అర్థం.

ఫ్రిజ్ కాకపోతే కుండ ఉంది కదా అనవచ్చు. కుండ నిజంగానే గొప్ప యంత్రం. మట్టి రంధ్రాలలోంచి చెమర్చిన నీరు ఆవిరౌతూ తనకు కావలసిన గుప్తోష్ణాన్ని కుండనుంచే తీసుకుంటుంది. కుండను తడి ఇసుకలో కూర్చి, పైన తడి గోనె కప్పితే లోపల తేమ కూడా బాగా నిలుస్తుంది. కాని చల్లదనానికి ఒక హద్దు ఉంది. 42 డిగ్రీల, 25 శాతం గాలిలో ఎంత తడిపినా 26 డిగ్రీలకు దిగువకు రాదు. డిసెంబరు పగలు 28 డిగ్రీలు, 45 శాతం ఉంటే 20 దాకా రావచ్చు. వానాకాలంలోనైతే ఆవిరయ్యేందుకే గాలిలో చోటుండదు కనుక రెండు మూడు డిగ్రీలు తగ్గితే గొప్ప. 12 మాత్రం మనకు ఏ నెలలోనూ అందదు. కుండలో చీజ్ మాగబెడతామని ఎవరైనా చెబితే నమ్మకండి. మంచి పేరున్న పాత వస్తువు కదా అని చేతగాని పనిని దానికి అంటగట్టకూడదు.

కుండకు తేమ ఉంది, చలి లేదు. ఫ్రిజ్‌కు చలి ఉంది, తేమ లేదు. ఇంట్లో చీజ్ చేసేవారు పట్టుకున్న కిటుకు ఈ రెంటినీ కలపడమే. ఫ్రిజ్‌లో అన్నింటికన్నా చలి తక్కువగా ఉండే అరలో, బిగుతైన మూత ఉన్న డబ్బాలో చీజ్‌ను జాలీ మీద పెడతారు. గొట్టం డబ్బాలోని గాలిని తాకలేదు. చీజ్‌లోంచి వచ్చిన తేమే డబ్బాలో నిలుస్తుంది. డబ్బాలో సగానికి పైగా ఖాళీ వదిలి, రోజూ ఒకసారి మూత తీసి గాలి మార్చి, గోడలమీది నీటి చుక్కలు తుడిచి, గడ్డను తిరగేసి పెడతారు. పాత ఫ్రిజ్‌కు విడిగా థర్మోస్టాటు తగిలించి 12 డిగ్రీల వద్ద నిలిపేవారూ ఉన్నారు.

డబ్బాలో తేమను ఒక అంకె దగ్గర కట్టిపడేసే ఉపాయం ఇంకా ముచ్చటైనది. మీ ఇంటి ఉప్పుజాడీ వానాకాలంలో చెమర్చడం చూశారు కదా. శుద్ధమైన ఉప్పు, గాలి ఆర్ద్రత 75 శాతం దాటితేనే నీరు లాగుకుంటుంది. (కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి కనుక అది ఇంకా ముందే చెమరుస్తుంది.) దీన్ని తిరగేసి ఆలోచించండి. మూత పెట్టిన సీసాలో తడి ఇసుకలా తడిపిన ఉప్పును ఒక చిన్న గిన్నెలో ఉంచితే, లోపలి గాలి తేమ ఎక్కువైతే ఉప్పు పీల్చుకుంటుంది, తక్కువైతే ఉప్పులోని నీరు ఆవిరవుతుంది. చివరికి 75 దగ్గర నిలుస్తుంది. పొటాషియం క్లోరైడు అయితే 85 దగ్గర, ఫ్రిజ్ చలిలో మరి రెండు మూడు శాతం ఎక్కువ. పొటాషియం క్లోరైడు ఎక్కడ దొరుకుతుందా అని చూస్తున్నారా? మీ నాన్నగారు పత్తికి, వరికి వేసే పొటాష్ ఎరువు ముఖ్యంగా అదే. ప్రయోగానికి మాత్రం బడిలోని శుద్ధమైనదే వాడండి. ఎరువును తిండి దగ్గరికి చేర్చకండి.

ఇక నా అసలు ఫిర్యాదు. మన ఉన్నత పాఠశాలల్లో థర్మామీటరు లేని ప్రయోగశాల అరుదు. గాలి తేమను కొలిచి రోజూ గోడమీద రాసే బడి అంతకంటే అరుదు. దీనికి కొత్త పరికరమేమీ అక్కర్లేదు. రెండు థర్మామీటర్లను పక్కపక్కన కట్టి, ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి, పుస్తకంతో బాగా విసరండి. తడిది ఎంత తక్కువ చూపితే గాలి అంత పొడి. పొడిది 30, తడిది 25 చూపితే ఆర్ద్రత సుమారు 67 శాతం. చీజ్ గదిలో పొడిది 12, తడిది 11 చూపితే 89 శాతం, తడిది 10 చూపితే 78 శాతం. అంటే చల్లని చోట ఒక్క డిగ్రీ తేడాకు 11 శాతం! అందుచేత రెండు థర్మామీటర్లనూ ముందుగా ఒకే నీళ్లలో ముంచి అవి ఒకే అంకె చూపుతున్నాయో లేదో సరిచూసుకోవాలి. అంగట్లో దొరికే అంకెల హైగ్రోమీటరును కొన్నా, దాన్ని నమ్మేముందు ఉప్పు సీసాలో ఒక రాత్రి ఉంచి 75 చూపుతుందో లేదో చూడండి.

"చీజ్ తినని ఊరికి ఈ తంటా ఎందుకు?" అని మీ తాతగారు అడిగితే మిరపకల్లాన్ని చూపించండి. ఎండిన మిరపకాయలో నూటికి పది వంతుల నీరు మిగిలితే నిలుస్తుంది. కాయలు విరగకుండా ఉండాలనో తూకం పెరగాలనో కొన్నిచోట్ల బస్తాలకు ఎత్తేముందు నీళ్లు చల్లుతారు. ఆ బస్తా లోపల గాలి చీజ్ గది గాలిలా మారుతుంది, కాకపోతే 12కు బదులు 35 డిగ్రీల వద్ద. బూజుకు ఇంతకంటే ఏం కావాలి? ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అక్కడ అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయానికి చేటు, వండినా పోదు. ఖమ్మం యార్డులో కాయను చేత్తో నలిపి, గలగల విని తేమను అంచనా వేసే అనుభవజ్ఞులున్నారు. వారి చేతిని నేను గౌరవిస్తాను. కాని ఆ చెయ్యి ఒక అంకె చెప్పదు. రైతుకూ కొనేవాడికీ తగువు వచ్చినప్పుడు అంకె ఉంటే ఎవరి మాట వారిది కాకుండా పోతుంది. చీజ్‌కు 85 కావాలి, మిరపకు 65 దాటకూడదు. కొలిచే పనిముట్టు మాత్రం ఒక్కటే.

మన దగ్గర సాధ్యం కాదనే మాట ఇదివరకూ చాలాసార్లు విన్నదే. గేదెపాలతో పాలపొడి కుదరదని పైదేశపు నిపుణులు అన్నారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో హరిచంద్ మేఘా దలాయా దాన్ని చేసి చూపాడు. 1955లో అక్కడ కర్మాగారం మొదలైంది. తరవాత గేదెపాల చీజ్ కూడా అక్కడినుంచే వచ్చింది. గేదెపాల చీజ్ ఆవుపాలదానికంటే నెమ్మదిగా మాగుతుంది. ఇదీ ఒక కొలవవలసిన సంగతే.

అంతమాత్రాన తిరుమలాయపాలెంలో ఇంటింటా చీజ్ మాగబెట్టాలని నేననను. మే నెలలో 12 డిగ్రీలు నిలపాలంటే కరెంటు ఖర్చు ఎంతవుతుందో మీరే ఊహించండి. ఇంకొక కారణం కూడా ఉంది. మరగకాచిన పాలు రెన్నెట్‌తో గట్టిగా పేరుకోవు. పచ్చిపాలతో చేస్తే బ్రుసెల్లా, క్షయ క్రిములు రావచ్చు. మధ్యమార్గంగా పాలను 63 డిగ్రీల దగ్గర సరిగ్గా అరగంట నిలపాలి. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరగగలదు. కనుక తెలిసిన పెద్దలు లేకుండా ఇంట్లో చీజ్ మాగబెట్టి తినవద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట వాదన కాదు, నిషేధమే.

పాలు కాయకుండా, ఏ క్రిమినీ పెంచకుండా చేసే ప్రయోగం ఒకటుంది. అంగట్లో చీజ్ ఘనాలు దొరుకుతాయి. ఒకే తూకం ఉన్నవి మూడు తీసుకోండి. ఒకటి ఫ్రిజ్‌లో మూత లేకుండా, రెండోది తడి ఉప్పు గిన్నె ఉన్న డబ్బాలో, మూడోది తడి పొటాషియం క్లోరైడు ఉన్న డబ్బాలో, అన్నీ ఒకే అరలో పెట్టండి. "తినరాదు" అని చీటీ అంటించండి, లేకపోతే తమ్ముడు ప్రయోగం పాడుచేస్తాడు. మూడు వారాలపాటు మూడు రోజులకోసారి బడిలోని త్రాసులో తూచి, రోజులు అడ్డంగానూ గ్రాములు నిలువుగానూ గ్రాఫు కాగితం మీద మూడు గీతలు గీయండి. దేనిమీదనైనా బూజు కనిపిస్తే ఏ రోజున కనిపించిందో ఆ గీత మీదనే గుర్తు పెట్టి, ఆ ఘనాన్ని పారేయండి.